వచ్చే మోడల్

ఒరేయ్ కిరీటీ,

మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ పంపించి ఊరుకుంటావు. ఉత్తరానికి ఆ బొమ్మ ఎలా పెడతావో చూస్తాను.

గవర్నర్‌పేట గదిలో ఇద్దరం ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని క్రికెట్ ఆడిన రోజుల నుంచీ నీది ఒకటే మాట. "ఆగరా, వచ్చే ప్రాసెసర్లోనే మంచి గ్రాఫిక్స్ ఉంటాయి, కార్డు విడిగా కొనక్కర్లేదు, రేటూ దిగుద్ది." తర్వాత నువ్వు పెళ్లి చేసుకుని పుణే వెళ్లిపోయావు. నేను ఇబ్రహీంపట్నం క్వార్టర్స్‌కి మారాను. ఆగుతూనే ఉన్నాను.

నిన్న మన పాత షాపుకే వెళ్లాను. అరచేతిలో పట్టేంత మినీ పీసీ చూపించారు. కార్డు లేకుండానే మన ఆట ఎక్కడా తడబడకుండా నడిచింది. రేటు మాత్రం నువ్వన్నట్టు దిగలేదు, పెరిగింది. అయినా ఇచ్చెయ్యమన్నాను.

బిల్లు రాస్తూ షాపాయన అడిగాడు. "జాయ్‌స్టిక్‌లు ఒకటా అండీ, రెండా?"

"వచ్చే మోడల్ చూసి తీసుకుంటానండీ" అని చెప్పి, ఏమీ కొనకుండానే బస్సెక్కేశాను.

వచ్చేదాంట్లో గ్రాఫిక్స్ ఇంకా బాగుంటాయటగా? ఇంకొన్నాళ్లు ఆగమంటావా? ఆ ఒక్క మాటా ఫోన్ చేసి చెప్పరా.

నీ రూమ్మేట్