ఆరాధన వేళ లేచే ముల్లు

యేసురాజు మావయ్యకి వందనాలు. ఫోనులో మీకు సరిగా వినపడదని ఉత్తరం రాస్తున్నాను.

గరాచర్మలో మా చర్చివాళ్ళ ఇరవై ఇళ్ళకీ రోజూ పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా కొండమీది ట్యాంకు నీళ్ళు వదులుతారు కదా. ఒత్తిడి తగ్గించే కొత్త వాల్వు ఆ పైపుకి నేనే బిగించి, మీరు నేర్పినట్టే మూడు కిలోల ఒత్తిడికి పెట్టాను. వారమంతా గేజు ముల్లు మూడు దాటదు. ఆదివారం ఆరాధన వేళకి మాత్రం ఏడుకి ఎక్కుతోంది. రెండుసార్లు జాయింట్లు ఊడాయి. మళ్ళీ ఊడితే నన్ను పనిలోంచి తీసేస్తామన్నారు. అందుకే మూడు వారాలుగా చర్చి మాని వాల్వు దగ్గరే కూర్చుంటున్నాను.

“ఆరాధన మానేస్తే ప్రభువు ఊరుకుంటాడేటి?” అంటుంది మీ అమ్మాయి. మానకముందే ఊడాయి కదా అంటే వినదు.

నిన్న తను డ్రమ్ము నింపే కుళాయి కట్టడం మరిచి చర్చికెళ్ళింది. వాకిలంతా నీళ్ళు. ముల్లు మాత్రం మూడు మీదే నిలిచింది! అన్ని కుళాయిలూ కట్టేసి అందరూ చర్చికెళ్ళినప్పుడే వాల్వు సరిగా మూసుకోక ఒత్తిడి పెరుగుతోందేమో. లోపల మూత ఆనే సీటు మీద ఇసుక పట్టిందా మావయ్యా?

తనేమో, “నా ప్రార్థన ఫలించింది, వచ్చే ఆదివారం చర్చిలో అందరి ముందూ సాక్ష్యం చెప్తాను, పక్కా” అంటోంది. పాస్టరమ్మగారికి కూడా చెప్పేసింది.

వాల్వు ఇప్పుడే విప్పమంటారా, సాక్ష్యం అయ్యాక విప్పమంటారా?

మీ అల్లుడు