దొర మాటకు తెలుగు

ఆదివారం, రాత్రి

ప్రతి ఏడూ మా చర్చికి వచ్చే అమెరికా దొర ప్రసంగాన్ని తెలుగులో చెప్పేది నేనే. ఈసారి ఆ పని గనుల ఆఫీసులో పనిచేసే సుధాకర్‌కి ఇచ్చారు.

"మా అధ్యక్షుడు బైబిలు మీద ప్రమాణం చేస్తాడు. కానీ దేశాన్ని నిలబెట్టేది ఎవరూ చూడనప్పుడు కూడా ప్రభుత్వ సొత్తు ముట్టని విశ్వాసి" అన్నాడు దొర ఇంగ్లీషులో. రెండో మాట సుధాకర్ మింగేశాడు. ముందు బల్ల మీద, పర్మిట్ లేకుండా ఖనిజం తోలే లారీల ఓనరు కూర్చున్నాడు మరి. చర్చికి కొత్త మైకులు ఆయనిచ్చినవే.

ఆరాధన అయ్యాక సంఘపెద్ద సుధాకర్ భుజం తట్టాడు. "ఏం చెప్తివప్పా! దేవుడే మాట్లాడినట్లుండాది."

వాడు దాచిన మాట చెప్పేయాలనే దొర దగ్గరికి వెళ్లాను. తీరా నోట వచ్చింది ఒక్కటే: "వచ్చే ఏడు నాకే ఇవ్వండయ్యా."