పొదుగు మీద పసుపు

గున్నమ్మ వదినా,

నీ చేతులు మానాయా? అడిగే మొహం నాకు లేదు.

నీ చేతి పొక్కుల నుంచి, మా గేదె పొదుగు నుంచి డాక్టర్లు తీసుకెళ్లిన నమూనాలకు జన్యు పరీక్ష చేశారు. రెండింటిలోనూ ఒకటే వైరస్. వంశధార అవతల, మాకు గేదెను అమ్మిన రైతు పశువుల్లోనూ అదే ఉందట. ఆ దొడ్డి నువ్వు ఏనాడూ తొక్కలేదు. గేదె నుంచే నీకు అంటింది.

పరీక్ష చెప్పేదాకా నాకు తెలియని సంగతి కాదిది. గేదెను తోలుకొచ్చిన రోజే పొదుగు మీద పొక్కులు చూశాను. పసుపు రాసి కప్పేశాను. ముట్టుకోవడానికి నాకు భయమేసి, పాలు పితకమని నిన్ను పిలిచాను.

తర్వాత పాలకేంద్రం దగ్గర "దీని సేతి పుళ్లే మా గేదెకి అంటినాయి, ఇది పితికిన పాలు తాగకండి" అని అరిచింది కూడా నేనే. నువ్వు చేతులు కొంగులో దాచుకుని వెళ్లిపోయావు. ఆనాటి నుంచి నీ పాలు ఎవరూ పోయించుకోవడం లేదు.

నీకు చదువు రాదు. నోటితో చెబుదామని రెండుసార్లు మీ గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయాను. అందుకే ఈ ఉత్తరం పాలకేంద్రం నాగబాబుకి ఇచ్చాను. నిన్ను పిలిపించి, అందరూ క్యాన్లతో ఉన్నప్పుడే గట్టిగా చదవమన్నాను. నిన్ను అన్నది అక్కడే కదా.

అతను చదువుతున్నంతసేపూ నీ ఎదురుగానే నిల్చుంటాను. ఈసారి చేతులు దాచుకోకు వదినా.

నీ ఆడపడుచు