కుట్టు వేయని బట్ట

ఆగస్టు 2
అమ్మ దినాలు అయిపోయి వారం. కోరుట్ల ఇంటికి తాళం వేసి జగిత్యాల మా ఇంటికి వచ్చేశాను. బడికి ఇంకో నెల సెలవు — మా అమ్మాయి స్వప్న కాన్పు దాకా. తొమ్మిదో నెల నడుస్తోంది దానికి. కాళ్లు వాచాయి. అమ్మ ఉంటే, నర్సు కదా, బొటనవేలితో నొక్కి, గుంట ఎంతసేపు నిలుస్తుందో చూసేది. ఇవాళ నేనూ నొక్కాను. ఏం చూడాలో తెలియలేదు.

ఆగస్టు 3
పొద్దున టీ తాగుతూ స్వప్న —
"అమ్మా, పుట్టబోయే పిల్లకు ముల్లె కట్టి పెట్టిన అన్నది అమ్మమ్మ. ఏడుంది?"
"కోరుట్ల ఇంట్ల ఉంటది. తెస్త."
ఏం ముల్లో నాకు తెలియదు. మనుమరాలికి చెప్పింది, నాకు చెప్పలేదు. మామూలే.

ఆగస్టు 4
ఇది ఈ పేజీకి మాత్రమే. అమ్మ డ్యూటీ చీర, తెల్లది, ఒకటి నా బీరువాలో అడుగున ఉంది. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచకూడదని పదో రోజు అన్నీ మూట కట్టి ఇచ్చేశాం కదా. ఇదొక్కటి దాచాను. ఇవాళ తీసి వాసన చూశాను. స్పిరిట్ వాసన వస్తుందనుకున్నాను... సబ్బు వాసన.

ఆగస్టు 5
కోరుట్ల. బీరువా, ట్రంకు పెట్టె, అటక. ముల్లె లేదు. అమ్మ టార్చిలైటు దొరికింది, నాడి చూసే చేతిగడియారం దొరికింది, ఆగిపోయి ఉంది.

చప్పుడు విని పక్కింటి రజియా వచ్చింది. అమ్మతో పాటు ఆస్పత్రిలో ఆయాగా చేసి, అమ్మతో పాటే రిటైరయిన మనిషి.
"ఎర్ర సంచిల పెట్టింది బిడ్డా. పాత నేతచీర తునక. ఇద్దరం కలిసే ఉడకబెట్టినం, ఎండకేసినం. ఇగ ఇదే ఆఖరి తునక రజియా, మునిమనుమలకు అని మస్తు ఖుషయింది సిస్టరమ్మ."

ఎర్ర సంచి. చూశాను దాన్ని. పదో రోజు నేనే తెరిచాను. అంచు కుట్టని, చింపిన పాత గుడ్డ. మసిబట్ట అనుకున్నాను. మూటలో పడేసి చాకలి లచ్చవ్వ చేతికిచ్చాను.
రజియాకు చెప్పలేకపోయాను. చాయ్ పెడతానంటే వద్దని బస్సెక్కాను.

ఆగస్టు 6
స్వప్న అడిగింది. "దొరికింది. ఉతికి తెస్త" అన్నాను. యాభై రెండేళ్ల వయసులో పిల్ల ముందు అబద్ధం.

ఆ చీర సిరిసిల్లలో తాత నేసింది. అమ్మ పెళ్లికి, సొంత మగ్గం మీద. కట్టీ కట్టీ మెత్తబడ్డాక అమ్మ దాన్ని తునకలు చేసింది. పుట్టగానే నన్ను అందులోనే చుట్టింది. తమ్ముణ్నీ, స్వప్ననూ. పసిపిల్లకు కొత్త బట్ట పనికిరాదు, పాతదే మెత్తన — అది అందరూ చేసేదే. అమ్మ పద్ధతి వేరు. కత్తెర ముట్టదు. అంచులో ఒక పోగు లాగుతుంది, ఆ గీత వెంట సర్రున చింపుతుంది. నేతోళ్ల బిడ్డ కదా. చింపిన అంచుకు కుట్టు వేయదు. "కుట్టు ఒరుసుకుంటది. పచ్చి తోలు" అనేది. ఆస్పత్రికి బట్ట లేకుండా వచ్చినవాళ్ల కోసం ఇంటింటి పాతచీరలూ అట్లాగే చింపి, ఉడకబెట్టి ఉంచేది.

అన్నీ తెలుసు నాకు. బడిలో చేతిరాత చూసి ఏ పిల్లదో చెప్పగలను. అమ్మ చేతిపని గుర్తుపట్టలేదు.

ఆగస్టు 8
సెలవు కాగితాల పని మీద బయల్దేరాను. బస్సు కొండగట్టు మీదుగా పోతుంటే గుర్తొచ్చింది. నా పదో తరగతి పరీక్షలకు ఆ గుట్ట మీది అంజన్న స్వామికి మొక్కుకుని ఇద్దరం బయల్దేరాం. మల్యాల దాటామో లేదో బస్సులో ఒకామెకు నొప్పులు. మగవాళ్లందరినీ దింపేసింది అమ్మ. తన కొంగే చింపి పిల్లను చుట్టింది. ఆ తల్లినీ బిడ్డనూ ఆస్పత్రిలో దింపి, చిరిగిన చీరతో ఇంటికొచ్చాం. నేను ఏడుపు.
"దర్శనం కాలే..."
"అంజన్న ఏడికి పోతడే? గుట్ట మీదనే ఉంటడు. గా పిల్ల ఆగుతదా?"
పరీక్ష పాసయ్యాను. మొక్కు మాత్రం ఇంకా బాకీ.

ఆగస్టు 9
నాకు జ్వరమొచ్చిన రోజుల్లో అమ్మ డ్యూటీలో ఉండేది. ఊరందరి నుదుటి మీదా ఉండేది ఆ చెయ్యి. కోపం ఉండేది. ఇప్పుడూ ఉంది కొంచెం. స్వప్న పుట్టినప్పుడు యూనిఫాంలోనే వచ్చి, నా పక్కన నిలబడి, "అరువకు, బలమంత అరుపుల్నే పోతది" అని గదమాయించింది. మిగతా అందరితో "అయిపాయె తల్లీ, అయిపాయె" అనేది. విన్నాను నేను, పక్క మంచం ఆమెతో అనడం.

ఆగస్టు 11
కోరుట్లలో లచ్చవ్వ ఇంటికి పోయాను. అడిగి తీసుకుందామనే పోయాను. దారంతా మాటలు కూడబెట్టుకున్నాను.

వాకిట్లో చీర ఉయ్యాల. అందులో పన్నెండు రోజుల పిల్ల. చుట్టింది అదే బట్ట.
"మనుమరాలు, అక్కా. మూట ఇప్పినప్పుడు అంచు జూడంగనె తెల్సింది, సిస్టరమ్మ చేతిబట్ట అని. నా కొడుకును సుత గిసుంటి బట్టల్నే సుట్టింది. పక్కకు పెట్ట మనసొప్పలె. పిల్ల పుట్టంగనె సుట్టిన." నా ముఖం చూసి ఆగింది. "గిది మీ ఇంటి పిల్లకు పెట్టిందా ఏంది? అయ్యో... ఉండు, ఇప్పి ఇస్త."
"వద్దు లచ్చవ్వా. పండుకున్నది. తీయకు."

పిల్ల బుగ్గ కింద బట్ట అంచు. ఒరిపిడి లేదు. కాసేపు కూర్చున్నాను. ఏడ్చాను కూడా. లచ్చవ్వ నీళ్ల చెంబు ముందు పెట్టింది.

ఆగస్టు 12
స్వప్నకు చెప్పేశాను. ఎర్ర సంచి, మసిబట్ట, లచ్చవ్వ మనుమరాలు, అబద్ధం — అన్నీ.
తర్వాత — "అమ్మమ్మ ఉంటె ఫస్టు ఏమడుగుతుండె? గా పిల్ల పాలు తాగుతుందా అని."
నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత నెమ్మదిగా, "మరి నా పిల్లకు?"
తెల్లచీర తెచ్చి దాని ఒళ్లో పెట్టాను.

ఆగస్టు 13
వియ్యపురాలి ఫోన్. స్వప్న చెప్పిందట.
"ఏడాది తిరగకముందె పోయినోళ్ల బట్ట పసిపిల్ల మీదికా వదినా? మంచిదేనా?"
ఆమెది తప్పనలేను. నాకూ లోపల అదే భయం. అందుకే కదా అన్నీ ఇచ్చేసింది.

ఆగస్టు 14
చింపలేకపోయాను. పోగు దొరకలేదు అని రాస్తే అబద్ధం. చెయ్యి రాలేదు.

ఆగస్టు 16
సిరిసిల్ల, మేనమామ దగ్గరికి. పవర్లూమ్‌ల చప్పుడుకు మాట వినపడదు. నన్ను చూసి రెండు మరమగ్గాలు — వాళ్ల మాటలో సాంచెలు — ఆపించాడు. చీర చేతిలోకి తీసుకున్నాడు. అక్క చీర. వేళ్లతో రాసి రాసి చూశాడు.
"మామా, నువ్వు చింపియ్యి."
"పోగు నేను సూపెడ్త. చింపుడు నువ్వే చింపాలె బిడ్డా. నీ మనుమలకు నీ చెయ్యి."
గోటితో ఒక్క పోగు పైకెత్తి అందించాడు. లాగాను. సన్నగా గీత పడింది. కళ్లు మూసుకోలేదు. చింపాను. తిన్నగానే వచ్చింది.

ఆగస్టు 17
ఉడకబెట్టాను. ఎండకేశాను. కుట్టు వేయలేదు. వియ్యపురాలికి ఫోన్ చేసి, "రేపు మీరే అచ్చి చూడుండ్రి, మీ మనసుకు రాకుంటె వద్దు" అన్నాను. సరే అనలేదు, "దేవుని దగ్గర పెట్టుండ్రి ఒకసారి" అంది. పెట్టాను. అమ్మ ఫొటో దగ్గర.

ఆగస్టు 21
ఆస్పత్రి బెంచీ మీద రాస్తున్నాను. పొద్దున పది. స్వప్నను లోపలికి తీసుకుపోయి గంటన్నర. పక్కన వియ్యపురాలు, ఇద్దరం ఒకే గోడను చూస్తున్నాం.

ఇందాక తలుపు తెరిచి నర్సమ్మ పిలిచింది. చిన్న పిల్ల, స్వప్న వయసుంటుంది.
"స్వప్న వాళ్లెవరు? బట్ట తెచ్చిండ్రా?"
సంచి తెరిచాను. నా చెయ్యి ఆగింది. వియ్యపురాలి వైపు చూశాను. ఆమె ముందుకు వంగి, బట్ట తానే తీసి, మడత సరిచేసి, ఇచ్చింది.
నర్సమ్మ అంచు తడిమింది. "కుట్టెయ్యలేదేందమ్మా?"
"ఒరుసుకుంటది. పచ్చి తోలు" అన్నాను.
తలుపు మూసుకుంది. లోపల స్వప్న అరుస్తోంది. ఎవరో "అయిపాయె తల్లీ, అయిపాయె" అంటున్నారు. పిల్ల ఏడుపు ఇంకా రాలేదు...