నలభయ్యోనాటి భోజనానికి రాక్ బ్యాండు

అమ్మకు,

నెవెనా ముద్దులతో రాస్తున్నది. లోమ్‌లో నేనూ నాన్నా కులాసాగా ఉన్నాం. అక్కడ ఇటలీలో నువ్వూ, నువ్వు చూసుకుంటున్న ముసలమ్మగారూ అలాగే ఉన్నారని తలుస్తాను. నాన్న బీపీ మాత్రలు రోజూ వేసుకుంటున్నాడు, ఉప్పు మాత్రం తగ్గించలేదు. డ్రమ్ములు అమ్మేశావా అని అడిగావు. అమ్మలేదు.

మా బ్యాండుని ఎవరైనా పిలుస్తున్నారా అని కూడా అడిగావు. పిలుస్తున్నారు, పిలవకూడని చోట్లకి. బాలవాడికి పిలిస్తే వెళ్లాం. తీరా చూస్తే అది పిల్లల్ని పడుకోబెట్టే వేళ. చేపల కొట్టు ప్రారంభంలో ఆసెన్ తన గిటారు ప్లగ్గు పెట్టగానే కరెంటు పోయి ఐసుపెట్టెలన్నీ ఆగిపోయాయి. ఆ పూట ఊరంతా సగం ధరకే చేపలు తిన్నది.

ఒక చెడు కబురు కూడా రాయాలి. పక్కింటి గెంచో తాతయ్య పోయాడు. అంత దూరాన ఒక్కదానివే ఏడుస్తావని నాన్న ఇన్నాళ్లూ రాయనివ్వలేదు. మేము గారేజీలో వాయించినప్పుడల్లా ఆయన గోడ బాదేవాడు కదా. ఆయన పోయాక మర్యాదకని వాయించడం మానేశాం. వారం తిరక్కుండా పెనా బామ్మ వచ్చింది.

"ఏమే, చేతులు పడిపోయాయా?"

"మీ ఇంట్లో చావు జరిగింది కదా బామ్మా."

"అందుకే అడుగుతున్నా. చప్పుడు లేక పిచ్చెక్కుతోంది. ఆయన పోయిన నలభయ్యోనాటి భోజనానికి మీరే వాయించాలి."

"తాతయ్యకి మా పాటలు పడవుగా."

"ఎవరన్నారే? మీరు మొదలెట్టగానే మంచం మీంచి లేచి కూర్చునేవాడు. ఆ కోపంతోనే రెండు గిన్నెల సూప్ తాగేవాడు."

ఆ రోజు ఉడికించిన గోధుమలు పంచి ప్రార్థన ముగించారో లేదో, మేము డ్రమ్ములు మోసుకొచ్చాం. సావా ఫాదర్ చెంచా కింద పెట్టాడు.

"ఇది సంతాపమా, సంతా?"

"సూప్ చల్లారిపోతుంది, తాగండి ఫాదర్," అంది పెనా బామ్మ.

మాకు నెమ్మదైన పాట ఒక్కటీ రాదు. ఆసెన్ గిటారును మెల్లగా మీటబోతే జబ్బు చేసిన ఆవు మూలిగినట్టు వచ్చింది. "గట్టిగా కొట్టవే నెవెనా," అని బామ్మ కేకేసింది. కొట్టాను. బల్లల మీద గ్లాసులు కదిలాయి. తాతయ్యతో రైళ్లు నడిపిన ముసలాళ్లు ఆయన తిట్లు ఒక్కొక్కటే గుర్తుచేసుకుని నవ్వసాగారు. బామ్మా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ తలగుడ్డతో మొహం కప్పేసుకుంది. తాతయ్య పోయాక ఆమె కన్నీరు పెట్టడం అదే మొదటిసారట, వాళ్లమ్మాయి చెప్పింది.

ఫాదర్ వెళుతూ నా దగ్గర ఆగాడు. తిట్టబోతున్నాడనుకున్నాను. "రెండో పాటలో కాస్త వెనకబడ్డావమ్మాయ్," అన్నాడు.

ఇక అసలు సంగతి. మిలానోలో నాకు లాండ్రీలో పని చూశానని, ఈస్టర్ కాగానే బస్సెక్కమని రాశావు. ఇంతసేపూ ఆ మాట దగ్గరికి రాకుండా చుట్టూ తిరుగుతున్నాను. నేను రావడం లేదమ్మా. బ్యాండు కోసమే అనుకుంటావు. కొంత దానికోసమే. కానీ మన వీధిలో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి, నేనూ వస్తే నాన్న ఎవరితో పోట్లాడతాడు? ఆయనకి చెప్పాను. "నీ ఇష్టం" అని విసుక్కుని, వెళ్లి గారేజీకి రంగు వేయడం మొదలుపెట్టాడు.

ఈస్టర్‌కి నువ్వే రా. ఆ వారం తేనెటీగలు పెంచేవాళ్ల విందులో మా పాట ఉంది. ఈగలు బెదరకుండా వాయించగలరా అని అడిగారు. ఆసెన్ మాట ఇచ్చేశాడు. ముందు వరసలో నీకు కుర్చీ అట్టిపెడతాను, పొడుగు చేతుల బట్టలు వేసుకుని రా.

ఇట్లు,
కోప్పడతావని తెలిసీ రాసిన నీ కూతురు
నెవెనా