నాలుగు వేళ్ల గుడ్డ

ప్రియమైన అత్తా,

చెప్పుల షాపు మూతపడి నా ఉద్యోగం పోయిందని నాన్న చెప్పే ఉంటాడు. మా వీధి చివర పాత ఫ్యాషన్ బట్టలు అమ్మే కొట్టొకటి ఉంది. నా వయసులో ఉన్నప్పుడు మీరు వేసుకున్న రకమే, నడుము దగ్గర బిగుతుగా ఉండి కింద గొడుగులా పరుచుకునే గౌన్లు. అక్కడ ఉద్యోగం అడిగితే ఆ కొట్టావిడ వచ్చే నెల మొదటి సోమవారం వచ్చి కనబడమంది. షరతు ఒకటే. ఆ కాలంలో కుట్టిన గౌనే వేసుకుని రావాలి, ఇప్పటి నకలు పనికిరాదు.

ఆమె కొట్లోనే కొనే స్తోమత నాకు లేదు. తూకానికి బట్టలమ్మే గోదాములో రెండు రోజులు గుట్టలు తిరగేసి ఒక నీలం గౌను పట్టాను. బెల్టు నాన్న పాత తోలు బెల్టు కోసి చేసుకున్నాను. అంతా బాగుంది గానీ నడుము మూడు వేళ్లు తక్కువ. ఊపిరి బిగబడితే పడుతుంది. రోజంతా ఊపిరి వదలకుండా ఉద్యోగం చేయలేను కదా.

నువ్వు ఇరవయ్యేళ్లు గౌన్లు కుట్టినదానివి. నీ పాతదేదైనా ఉంటే పంపు. లేదంటే దీన్నేం చేయాలో చెప్పు.

నీ మేనకోడలు

---

బొద్దమ్మకు అత్త దీవెనలు.

ఉద్యోగం సంగతి విని బాధపడ్డాను. నా దగ్గర పాత గౌన్లేవీ లేవు, ఆ మాట మళ్లీ అడగకు.

నీ గౌను తిరగేసి చూడు. మా రోజుల్లో పక్క కుట్ల లోపల రెండేసి వేళ్ల గుడ్డ వదిలేవాళ్లం. మనుషులు ఒళ్లు చేస్తారు, ఆడవాళ్లకు కానుపులవుతాయి, గౌను మాత్రం పదేళ్లు నడవాలి. పాత కుట్టు విప్పి, కాస్త జరిపి కుట్టుకో. తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చెయ్యి. ఇలాంటివి నేను వందలు సరిచేశాను, ఇందులో తప్పు జరగదు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటుందని నన్ను వెక్కిరిస్తాడు మీ నాన్న. ఈ కుందేలుకి మాత్రం నిజంగానే మూడు.

వేళకి తిను. బొద్దుగా ఉండటం తప్పు కాదు.

అత్త

---

అత్తా,

నీ కుందేలు చచ్చింది.

చెప్పినట్టే విప్పాను, కుట్టాను, ఇస్త్రీ చేశాను. వేసుకుని అద్దం ముందు నిలబడితే రెండు పక్కలా చంక నుంచి నడుము దాకా ముదురు నీలం పట్టీలు. నలభై ఏళ్లలో గౌనంతా వెలిసిపోయింది, కుట్టు లోపల దాక్కున్న గుడ్డ మాత్రం వెలవలేదు. రెండుసార్లు ఉతికాను, ఎండలో వేశాను. ఏం లాభం లేదు. మళ్లీ లోపలికి మడిస్తే నాకు పట్టదు.

గోదాములో ఇంకొకటి దొరకలేదు. సోమవారానికి పదకొండు రోజులుంది. నీ మీద కోపంగా ఉంది, ఉండకూడదని తెలిసినా ఉంది. ఈ ఉద్యోగం రాకపోతే గది ఖాళీ చేసి నాన్న దగ్గరికి వెళ్లాలి. ఆయన ఒక్క మాట అనడు, అదే నాకు భరించలేనిది.

బొద్దమ్మ

---

తల్లీ,

తప్పు నాది. నా దగ్గరికి గౌన్లు ఏడాదికో రెండేళ్లకో తిరిగొచ్చేవి, రంగు పోకముందే. నలభై ఏళ్ల తరవాత ఎలా ఉంటాయో నాకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా నాకు తట్టలేదు. నువ్వు కోప్పడటం న్యాయమే.

ఇంకో మాట. నా దగ్గర గౌన్లు లేవన్నది అబద్ధం. ఒకటుంది, ఈ పార్సెల్లో పెట్టాను. పెళ్లయిన ఏడాది నాకోసం కుట్టుకున్నాను. పక్క కుట్ల లోపల నాలుగేసి వేళ్లు వదిలాను. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. కవలలని కలగన్నావా అని మీ మామయ్య నవ్వాడు. ఏళ్లు గడిచాయి గానీ ఆ కుట్టు విప్పే అవసరం రాలేదు. చూడలేక ట్రంకుపెట్టె అడుగున పెట్టేశాను.

వెలుతురు తగల్లేదు కాబట్టి లోపలి గుడ్డా బయటి గుడ్డా ఒకే రంగు. ఈసారి చెప్పే ముందు కిటికీ దగ్గర పెట్టి చూశాను. నేనే విప్పి పంపుదామనుకున్నాను, చెయ్యి రాలేదు. నువ్వే విప్పుకో. కత్తెరతో కాదు, బ్లేడుతో ఒక్కొక్క పోగే కొయ్యి.

అత్త

---

ప్రియమైన అత్తా,

ఉద్యోగం వచ్చింది. రేపు తొమ్మిదింటికి రమ్మంది.

నీ కుట్లు విప్పడానికి ఒక పూటంతా పట్టింది. అంత సన్నగా ఎవరు కుట్టమన్నారు నిన్ను? మధ్యలో రెండుసార్లు ఏడ్చాను, ఒకసారి వేలు కోసుకుని, ఒకసారి ఊరికే. జరిపి కుట్టాక ఏ పట్టీ కనబడలేదు. నడుము నాకు సరిగ్గా కుదిరింది.

కొట్టావిడ నా చుట్టూ ఒకసారి తిరిగింది. గౌను అంచు తిరగేసి లోపలి కుట్టు పైదాకా చూసింది.

“ఎక్కడ కొన్నావమ్మా?”

“కొనలేదండీ. మా అత్త కుట్టింది.”

“ఇంత గుడ్డ వదిలి కుట్టిందంటే చాలా ముందు చూపుతో కుట్టింది. ఎవరి కోసం?”

“నా కోసమండీ” అన్నాను.

నీ బొద్దమ్మ