బల్ల మీద బిస్కెట్ల డబ్బా

ఆదివారం, జూన్ 9

చిరంజీవి మా చిట్టికి,

పిన్ని బోలెడన్ని ఆశీస్సులతో రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. నా మోకాలు మాత్రం ఎప్పట్లాగే అలకలో ఉంది.

మందుల షాపు వాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారనీ, నువ్వు వెళ్ళనని భీష్మించుకు కూర్చున్నావనీ అక్క ఫోన్లో చెప్పింది. కారణం అడిగితే నోరు విప్పడం లేదట. సరే, నేనూ అడగను. నా కబుర్లు విను.

బేకరీలో నన్ను కౌంటర్ నుంచి తప్పించి, వెనక ట్రేలు కడిగే చోట పడేశారని నీకు తెలుసు కదా. నా చేతుల మీది తెల్లమచ్చలు చూస్తే గిరాకీ పోతుందని ఓనరు భయం. బొల్లి అంటుకునేది కాదని డాక్టరు రాసిచ్చిన కాగితం చూపించినా చెవికెక్కలేదు. చివరికి మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు రాసిచ్చాను. ఫీజూ లేదు, లాయరూ అక్కర్లేదు.

నిజం చెప్పొద్దూ, మొదట నీరుగారిపోయాను. ఎవరినీ జైల్లో పెట్టే అధికారం తమకు లేదని అక్కడ విచారణ చేసే మేడమ్ ముందే చెప్పేసింది. కాకపోతే ఓనర్ని పిలిపించగలరట, రికార్డులు తెప్పించగలరట, ప్రమాణం చేయించి ప్రశ్నించగలరట. వివక్ష జరిగిందని తేలితే ఏం చేయాలో సిఫారసు రాస్తారట. ఇంతేనా అనుకుంటూ బస్సెక్కాను.

విచారణ రోజున ఓనరు, నన్నసలు ఏనాడూ కౌంటర్లో నిలబెట్టలేదన్నాడు, ప్రమాణం చేసి మరీ! డ్యూటీ చార్టులు చూపించమని మేడమ్ అడిగితే ఎప్పుడో పారేశామన్నాడు. తర్వాత ఆవిడని మంచి చేసుకుందామని ఓ బిస్కెట్ల డబ్బా బల్ల మీద పెట్టి మూత తీశాడు. ఆవిడ వద్దని వెనక్కి నెట్టింది. ఆ ఊపుకి డబ్బా ఒరిగి, బిస్కెట్లన్నీ ఓ పక్కకి జారాయి. మా ఓనరు పిసినారితనం నీకేం తెలుసు! డబ్బా అడుగున అట్టకి బదులు పాత డ్యూటీ చార్టులే మడిచి వేయిస్తాడు. అలా బయటపడ్డ చార్టులో నా పేరు, దాని పక్కన కౌంటర్ అని ఆరు రోజులూ, కింద ఆయనగారి సంతకం. నేను నవ్వాపుకోలేక చచ్చాను. మేడమ్ మాత్రం నవ్వకుండా ఆ కాగితాన్ని రికార్డులో చేర్చమంది.

మొన్న సిఫారసు వచ్చింది. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందనుకున్నాడో ఏమో, ఓనరు కిక్కురుమనకుండా ఒప్పుకుని సంతకం పెట్టాడు. రేపటి నుంచి మళ్ళీ కౌంటర్లోనే. పొట్టి చేతుల జాకెట్టు ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

నీ జవాబు కోసం ఎదురుచూసే
పిన్ని

తా.క. నేనంత ధైర్యవంతురాల్ని కాదే. ట్రేలు కడుగుతూనే రోజులు వెళ్ళదీద్దామనుకున్నాను. కానీ పోయినసారి మా ఇంటికొచ్చినప్పుడు, గిన్నెలు తోముతూ నువ్వు చొక్కా చేతులు పైకి లాక్కున్నావు. నేను రావడం చూసి గబుక్కున దించేశావు. మోచేతి దగ్గర తెల్లగా, చొక్కా గుండీ అంత. నేను ఫిర్యాదు రాసింది ఆ మర్నాడే. ఇంటర్వ్యూకి వెళ్ళు తల్లీ. ఆ మచ్చ చూసి ఎవరైనా కాదంటే, కమిషన్ ఆఫీసుకి ఏ బస్సెక్కాలో మీ పిన్నికి తెలుసు.